నీలం గొర్రె

ఆ బడిలో గుడ్డపెట్టె తాళంచెవి పాపయ్య మొలతాడుకు వేలాడుతుండేది. పైకప్పు పెంకులు జారినా, వానకు వరండా తడిసినా అడిగే దిక్కు లేదు గానీ, ఆ పెట్టెను మాత్రం ఠాణాలో తుపాకుల మాదిరి కాపాడేవాళ్ళు. అందులో ఉండేవి తుపాకులు కావు. మూరెడు పొడుగు కోరా గుడ్డముక్కలు, అట్టలకు చుట్టిన ఎర్రపోగూ నీలంపోగూ, దూదిబుంగలో గుచ్చిన సూదులు. ఐదో తరగతి ఆడపిల్లలు ఏడాదంతా ఆ గుడ్డముక్క మీద వరసగా కుట్లన్నీ కుట్టి చూపించాలి. పైన టాకాలు, ఆ కింద మడతకుట్టు, గొలుసుకుట్టు, కింద తమ పేరు, అన్నిటికంటే అడుగున కాడకుట్టుతో ఒక బొమ్మ. దాన్ని నమూనా గుడ్డ అనేవాళ్ళు. కర్నూలు నుంచి ఇన్‌స్పెక్ట్రెస్ అమ్మగారు వచ్చి, ఆ గుడ్డల్ని ముందూ వెనకా తిప్పి చూసి తలూపితే బడి నిలిచినట్టు. ఊపకపోతే మార్కాపురంలో ఆడపిల్లలకు చదువు అక్కర్లేదని మద్రాసుకు రాసి పంపుతుందని అందరికీ భయం.

పాపయ్య ఆ బడికి బంట్రోతు. మూడో తరగతిలో ఉండగా వాళ్ళ నాయన చెయ్యి పట్టుకుని లాక్కుపోయి పలకరాళ్ళ గనిలో దించాడు. ఇరవై యేళ్ళు అక్కడే ఊరి పిల్లలందరికీ పలకలు చెక్కి, పాపయ్య తన రెండు ముక్కల చదువూ మర్చిపోయాడు. ఎవరైనా విద్య గొప్పతనం గురించి మాట్లాడితే ముక్కుతో నవ్వేవాడు. ఆ నవ్వుకు దగ్గు తోడయ్యేది.

ఉప్పు సత్యాగ్రహం సద్దుమణిగిన మరుసటేడు, శివరాత్రికి ముందు. మధ్యాహ్నపు ఎండ వరండా సగం దాకా వచ్చింది. పాపయ్య దూదిబుంగలోంచి ఒక్కో సూదీ లాగి పలక మీద పడేస్తున్నాడు, ఒక్కో పిల్లా పలక మీంచి తీసుకుంటోంది. సూదిని చేతి నుంచి చేతికి ఇచ్చే అలవాటు ఆ పక్క ఎవరికీ లేదు. ఇస్తే ఇచ్చినవాళ్ళకూ పుచ్చుకున్నవాళ్ళకూ కొట్లాట వస్తుందంటారు. బడి నడిపే పంతులమ్మ సుబ్బరత్నమ్మ, కర్నూల్లో ట్రైనింగు అయి వచ్చిన మనిషి, మొదటేడు దీన్ని చాదస్తమని కసిరింది. రెండో ఏడు చూడనట్టు ఊరుకుంది. ఇప్పుడు తనకు సూది కావలిస్తే తనే పలక ముందుకు జరుపుతోంది.

"నాగేంద్రమ్మా, ఏదీ నీ గుడ్డ?"

గొర్రెలోళ్ళ పిల్ల లేచి గుడ్డ తెచ్చిచ్చింది. పదకొండేళ్ళు ఉంటాయి. ఊరి చివర అవ్వ గుడిసెలో ఉండి చదువుకుంటోంది. అమ్మానాయనలు మందతో తిరుగుతుంటారు. పంతులమ్మ గుడ్డ అడుగున ఉన్న బొమ్మను చూసి, తన ఒళ్ళో ఉన్న, ఇంగ్లాండు నుంచి వచ్చిన కుట్టుబొమ్మల పటాన్ని చూసి, మళ్ళీ గుడ్డను చూసింది.

"ఇదేమిటే? పటంలో ఉన్నదేమిటి, నువ్వు కుట్టిందేమిటి?"

"గొర్రేనమ్మా."

"పటంలో గొర్రెపిల్లకు మెడన రిబ్బనుంది. మోకాళ్ళ దాకా తోకుంది. దీనికి తోకేదీ?"

"గొర్రెకు అంత తోక యాడుంటాదమ్మా? అది నక్క తోక."

పిల్లలు గొల్లుమన్నారు. పంతులమ్మ బెత్తం వైపు చూసింది గానీ తీసుకోలేదు.

"మరి చెవి ఎందుకిలా తెగింది? కుట్టు తప్పిందా?"

"తప్పలే. మా మందలో అన్నిటికీ ఎడమ చెవి అట్లనే కోస్తాడు మా నాయన. వేరే మందలో కలిసినా గుర్తుపట్టేదానికి. ఇది మా బొల్లి. దానికి మూతి మీద తెల్లమచ్చ ఉంటాది. ఈడ చూడండి, అంతమేర పోగు వెయ్యకుండా వదిలినా."

"బొల్లికి ఏం రోగమొచ్చెనే, ఒళ్ళంతా నీలమైపాయ? పాము కరిచిందా?" అంది పక్కనున్న కృష్ణవేణి. రెడ్లపిల్ల, మాట ఊరికే పోనిచ్చే రకం కాదు.

"నల్లపోగు ఇస్తే నల్లగానే కుట్టుండేదాన్ని. నీ చిలక ఎర్రగుండాదే, దానికేం రోగమో ముందు చెప్పు."

పంతులమ్మ పైటకొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. గుడ్డను వెనక్కు తిప్పింది. ముడి లేదు, వేలాడే కొస లేదు, వెనక కూడా ముందున్నట్టే సన్నగా నడిచింది కుట్టు. విప్పి మళ్ళీ కుట్టించే వ్యవధి ఎలాగూ లేదు. ఎల్లుండే పరీక్ష.

"సరేలే, ఉండనీ. అమ్మగారికి పశువులతో పని లేదు, కుట్టుతో పని."

గుడ్డ వెనక్కు తీసుకుని నాగేంద్రమ్మ అక్కడే నిలబడింది. గుడ్డ మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

"అమ్మా, ఈ పూటకు దీన్ని ఇంటికి తీసుకపోయి, పొద్దున్నే తెచ్చిస్తా."

వరండా అంతా సూదులు ఆగిపోయాయి. అలా ఇంతకు ముందు ఎవరూ అడగలేదు.

"మా యమ్మకు చూపిచ్చి తెస్తా. మందను తర్లుపాడు కాడ చేన్లో కట్టినారు. ఈ నాలుగు రోజుల్లో ఎర్రగొండపాలెం మీదుగా అడివికి పోతుండాం. నేనూ పోతుండా. ఇంక బడికి రాను."

"ఇంత మాట ఇప్పుడా చెప్పడం?"

"నాకూ నిన్ననే చెప్పినారు."

సుబ్బరత్నమ్మ ఒళ్ళోని పటాన్ని చుట్ట చుట్టింది. తర్వాత, "గుడ్డ బడి దాటకూడదే తల్లీ. నీకు తెలుసు గదా. మీ అమ్మనే ఇక్కడికి రమ్మను. ఎల్లుండి ఇక్కడే చూస్తుంది" అంది.

"వచ్చినాంక చూడనిస్తారు గదా? తర్వాత ఉండదు గదా అది."

"చూడనిస్తాం."

"మా యమ్మకు అక్షరాలు తెలీవు. నా పేరు చూసినా ఏందో అనుకుంటాది. గొర్రెనైతే గుర్తుపడతాది," అని పిల్ల తనలో తను అనుకుంటున్నట్టు చెప్పి, వెళ్ళి తన చోట కూర్చుంది.

తర్వాత ఉండదన్న మాట నిజమే. పరీక్ష అయిన మర్నాడు పిల్లలంతా తాము కుట్టినదంతా తామే విప్పాలి. పోగు తెగకుండా లాగి, అట్టలకు చుట్టి అప్పగించాలి. గుడ్డల్ని పాపయ్య ఉతికి గంజి పెడితే, వచ్చే ఏడు పిల్లలకు అవే కొత్త గుడ్డలు. ఆడపిల్లల చదువుకు పాటుపడుతున్నామని మీటింగుల్లో చెప్పే పెద్దలు గుడ్డకూ నూలుకూ మాత్రం మూడేళ్ళుగా జవాబు రాయలేదు. నూలు లేకపోతే కుట్టు క్లాసు లేదు, కుట్టు క్లాసు లేకపోతే బడి లేదు. అందుకని ఒకే గుడ్డ మీద మూడేళ్ళుగా పిల్లలు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు కుట్టి పోయారు. ఎవరి ఆనవాలూ లేదు. పలక మీద రాసి తుడిచినట్టే.

*

పరీక్షనాడు పాపయ్య ఉతికిన తలగుడ్డ చుట్టి, మొలకు ఇత్తడి బిళ్ళ పట్టా బిగించి గేటు దగ్గర నిలబడ్డాడు. ఇన్‌స్పెక్ట్రెస్ అమ్మగారు స్టేషన్ నుంచి బండిలో వచ్చి దిగారు. పూలదండ వేయించుకుని లోపలికి పోయారు. వెనకాలే సుబ్బరత్నమ్మ, చెమటలు కారుతున్న మొహంతో, "ఎవ్వరినీ లోపలికి పంపకు పాపయ్యా, ఎవరొచ్చినా సరే" అని హడావిడిగా చెప్పి లోపలికి నడిచింది. మొన్న తనిచ్చిన మాట ఆ గాభరాలో ఆమెకు గుర్తు లేదు.

పాపయ్యకు ఉంది. అది ఇక్కడ చెప్పాల్సిన మాట.

ఎండ ఎక్కుతుండగా యల్లమ్మ వచ్చింది. మోకాళ్ళ దాకా ఎర్రదుమ్ము. భుజాన గొంగడి. తర్లుపాడు నుంచి నడిచినంత మేరా చేతిలో కదురు తిరుగుతూనే ఉన్నట్టుంది, నల్ల ఉన్ని దారం కదురు నిండా చుట్టుకుని ఉంది. గేటు ముందు నిలబడినా కదురు ఆగలేదు.

"అన్నా, నాగేంద్రమ్మ అమ్మను నేను. పిల్ల రమ్మనింది. ఏందో కుట్టిందంట, చూడాలంట."

"ఇప్పుడు కాదు. లోపల ఇన్‌స్పెక్టరమ్మ ఉండాది."

"ఈడనే నిలబడతాలే అన్నా. ఆయమ్మ పోయినాంకనే చూస్తా."

మొలకు పట్టా కట్టుకున్న మనిషికి ఏడాదిలో ఒక్కరోజే పట్టాతో పని పడుతుంది. ఆ రోజు ఎవరిమీదైనా దాన్ని చూపించకపోతే అది ఉన్నట్టే ఉండదు. పాపయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఈడ నిలబడొద్దు. ఆ గొర్రెల కంపు లోపలికి కొడతాంది. బడి అనుకున్నావా, దొడ్డి అనుకున్నావా?"

యల్లమ్మ కదురు ఆపింది. గొంగడి అంచు ఎత్తి ఒకసారి వాసన చూసుకుంది. ఆమె మొహంలో కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే పాపయ్యకు ఆ రాత్రి అన్నం సహించి ఉండేది.

"మాకు తెలీదన్నా," అంది. "మళ్ళెప్పుడు రావాల?"

"రేపు రా."

"రేపు రాలేనన్నా. మంద ఎత్తుతుండాం. ఎల్లుండి తెల్లారి మీ పలకరాళ్ళ గుట్టల పక్కన బాట మీద పోతాం. పిల్లను ఆడికి రమ్మని మా యత్తకు చెప్పిపోతా."

కదురును గింగిరాలు తిప్పి వదిలింది. దుమ్ములో అడుగులు వేసుకుంటూ, దారం సాగదీసుకుంటూ, వచ్చిన దారిన వెళ్ళిపోయింది.

కిటికీలోంచి ఇన్‌స్పెక్ట్రెస్ అమ్మగారి మాట వినిపించింది.

"ఇదేమిటమ్మా, కుక్కా?"

"బొల్లి అండీ."

"బొల్లి అంటే?"

"బొల్లి అంటే బొల్లేనండీ. మా గొర్రె."

ఆవిడ నవ్వడం వినిపించింది. మంచి నవ్వే. గుడ్డ తిప్పి చూసినట్టున్నారు. "వెనక కూడా ముందులాగే ఉందే. బాగుంది. చాలా బాగుంది," అన్నారు. ఆ ముక్కతో బడి మరో ఏడాది నిలిచింది. టెంకాయ నీళ్ళు తాగి, రైలుకు వేళైందని ఆవిడ వెళ్ళిపోయారు. పిల్లలు గేటు దాకా వచ్చి దణ్ణాలు పెట్టారు. నాగేంద్రమ్మ దణ్ణం పెట్టలేదు. గేటు బయట రోడ్డును అటు చివర నుంచి ఇటు చివర దాకా చూసింది.

పాపయ్య పట్టా విప్పి గూట్లో పెట్టాడు.

*

కుట్టడానికి పట్టే ఓపిక ఒకటి, విప్పడానికి పట్టేది ఇంకొకటి. సూదిని తిరగేసి, బెజ్జం ఉన్న కొసను కుట్టు కిందకు దూర్చి, పోగును కొంచెం ఎత్తాలి. గుంజితే తెగుతుంది. తెగిన పోగు ఎందుకూ పనికిరాదు. ఎత్తి, వదులు చేసి, పక్క కుట్టు ఎత్తి, రెండూ వదులయ్యాక నోటితో తడిచేసి మెల్లగా లాగాలి. వచ్చిన పోగును అట్టకు చుట్టాలి. మర్నాడు పొద్దున ఐదో తరగతి పిల్లలు తలలు వంచుకుని ఆ పనిలో ఉన్నారు. కుట్టేటప్పుడుండే కబుర్లు లేవు. కృష్ణవేణి చిలక ముక్కు ఊడింది, రెక్క ఊడింది. "పోనీలే, పీడా పోయింది" అంది గానీ గొంతు అట్లా లేదు.

నాగేంద్రమ్మ పై వరస నుంచి మొదలుపెట్టింది. టాకాలు పోయాయి, మడత పోయింది, గొలుసు ఒక కొస లాగితే సరసరా జారిపోయింది. పేరు పోయింది. గొర్రె దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

సుబ్బరత్నమ్మ కుర్చీ వదిలి వచ్చి ఆ పిల్ల పక్కన చాప మీద కూర్చుంది. తెల్లచీర మోకాళ్ళ కిందకు లాక్కుంది.

"ఇటివ్వు, ఇది నేను విప్పుతా."

"వద్దమ్మా. నేనే విప్పుతా. మీరైతే చెవికాడ తెంపుతారు."

"తెంపనే. కర్నూల్లో నా గుడ్డ కూడా నేనే విప్పుకున్నా. మూడు నెల్లు కుట్టా. నెమలిని. ఈకలన్నీ వేరే వేరే కుట్లు."

"ఎవురికి చూపిచ్చినారు?"

పంతులమ్మ ఖాళీ అట్ట ఒకటి చేతిలోకి తీసుకుంది. పన్నెండేళ్ళకు తాళి తెగిన మనిషి ట్రైనింగుకు వచ్చినరోజు నుంచి ఇంట్లోవాళ్ళెవరూ ఆమె కుట్టు చూడ్డానికి రాలేదు. పిల్ల తల వంచుకుని గొర్రె కాళ్ళు విప్పడం మొదలుపెట్టింది. పంతులమ్మ లేచిపోలేదు. పిల్ల తీసిన పోగును ఆమె అట్టకు చుట్టింది. కాళ్ళు, పొట్ట, వీపు, మూతి. కోసిన చెవి చివరిది.

పాపయ్య వరండా కింద గంజి కాస్తున్నాడు. గుడ్డల కట్ట తెచ్చిచ్చిన పిల్ల నాగేంద్రమ్మే. కట్ట కింద పెట్టి అక్కడే నిలబడింది.

"మామా, నిన్న మా యమ్మ వచ్చిందంటనే?"

పాపయ్య గరిటె తిప్పుతూ, "వచ్చింది" అన్నాడు.

"పొమ్మన్నావంటనే?"

"పంతులమ్మగారు ఎవర్నీ రానియ్యొద్దన్నారు మే."

"కంపు కొడతాందని పంతులమ్మగారు చెప్పమన్నారా?"

గంజి అడుగంటింది. పాపయ్య దాన్ని దించాడు. మూడో తరగతి నుంచి ఇప్పటిదాకా తనను ఎవరెవరు ఏమన్నారో లెక్కపెట్టుకుని పళ్ళు కొరికే మనిషికి, తను అన్నమాట ఒకటి పదకొండేళ్ళ పిల్ల నోట వినడం కొత్త. తల ఎత్తి చూసేసరికి పిల్ల వెళ్ళిపోయింది.

*

ఆ గుడ్డల్ని కొత్తవి చేయడంలో పాపయ్యకు ఒక పనితనం ఉంది. అది తప్ప తనకు ఈ బడిలో గర్వపడే పని ఇంకోటి లేదు. కుంకుడు రసంలో నానబెట్టి, గుంజకుండా పిండి, తడి గుడ్డను నున్నటి పలక మీద పరుస్తాడు. సూది వెళ్ళినచోటల్లా నేతపోగులు పక్కకు జరిగి బెజ్జాలు పడి ఉంటాయి. బొటనవేలి గోరుతో అటోసారి ఇటోసారి రుద్దితే పోగులు సర్దుకుని బెజ్జం మూసుకుపోతుంది. పలుచగా గంజి పూసి, పైన ఇంకో పలక మూతేసి, బరువు పెడతాడు. సాయంత్రానికి తీస్తే ఏ ఇన్‌స్పెక్టరు వచ్చినా ఆ గుడ్డను సూది ముట్టిందని కనిపెట్టలేడు.

ఆ మధ్యాహ్నం వరసపెట్టి రుద్దుకుంటూ పోయాడు. చిలకలు మూసుకుపోయాయి. తామరపువ్వులు మూసుకుపోయాయి. ఒక గుడ్డ దులిపి ఎత్తేసరికి ఎండ దాని వెనక పడింది.

తెల్లటి గుడ్డలో గొర్రె నిలబడి ఉంది. పోగు లేదు, రంగు లేదు. బెజ్జం బెజ్జానికీ ఒక వెలుతురు చుక్క. సన్న కాళ్ళు, లోపలికి పోయిన డొక్క, కురచ తోక, కోసిన ఎడమచెవి.

పాపయ్య దాన్ని పలక మీద పరిచాడు. గోరు ఆనించాడు. రుద్దలేదు. కాసేపు అలాగే కూర్చుని, గంజి పెట్టకుండానే తీసి నీడలో ఆరేశాడు. ఆరాక నాలుగు మడతలు పెట్టి తలగుడ్డలో దోపుకున్నాడు. పెట్టెలోకి లెక్కకు ఒక గుడ్డ తక్కువైంది.

ఇంటికి పోయి దండెం మీంచి కొత్త పంచె లాగాడు. ఉగాదికని భార్య మగ్గం వాళ్ళ దగ్గర నేయించిన కోరా పంచె. ఇంకా నీళ్ళు తగల్లేదు. పళ్ళతో అంచు కొరికి మూరెడు చింపాడు.

చర్రుమన్న చప్పుడుకు పొయ్యి దగ్గర్నుంచి వెంకటసుబ్బులమ్మ పరిగెత్తుకొచ్చింది.

"ఏమయ్యా! నీకేమన్నా పిచ్చి లేచిందా? కొత్త పంచెను చింపుకుంటావా?"

"బడికి కావాల్సొచ్చిందిలే."

"బడికా! ఇరవై యేండ్లకు ఆ బడి నీకు పెట్టింది ఇత్తడి బిళ్ళ. నువ్వు దానికి పంచెలు పెడతావా? ఏమైనా పెండ్లా దానికి?"

"నువ్వు ఊరుకోవే. మిగిలింది మోకాళ్ళ దాకా వస్తాదిలే."

"మోకాళ్ళ దాకా పంచె కట్టుకొని ఉగాది రోజున గుడికి రా. పక్కన నేను నడవను, ముందే చెప్తుండా" అంటూనే ఆమె చింపిన ముక్కను అందుకుని చూసింది. అంచు పీచులు లేచి ఉంది. "ఇట్లనే ఇస్తావా? మడత కుట్టనీ. మనింటి గుడ్డ గదా, ఆ పంతులమ్మ ముందర మానం పోతాది" అని గోడన గుచ్చిన సూది తీసుకుంది.

పొద్దు వాలుతుండగా సుబ్బరత్నమ్మ పెట్టె ముందు కూర్చుని గుడ్డల్ని ఒక్కొక్కటే తీసి లోపల పేరుస్తోంది. పాపయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు. ఒకచోట ఆమె చెయ్యి ఆగింది. ఆ గుడ్డ మిగతావాటికంటే బిరుసుగా ఉంది, ముతకగా ఉంది, మగ్గం వాసన ఇంకా వదల్లేదు. వెలుతురుకు ఎత్తి చూసింది. ఒక్క బెజ్జం లేదు. అంచు మడత చూసింది. తన పిల్లల కుట్టు కాదది.

"ఇది కొత్త గుడ్డలాగే వచ్చిందే పాపయ్యా."

"కుంకుడు కాయ కొంచెం ఎక్కువ పడిందమ్మా."

ఆమె ఆ గుడ్డను అన్నిటికీ అడుగున పెట్టింది. పెట్టె మూసింది. బడి తాళంచెవీ పెట్టె తాళంచెవీ అతనికివ్వబోయి, చేతిలోనే ఉంచుకుంది.

"మందలు ఏ దారిన పోతాయి?"

"గుట్టల పక్కన, ఎర్రగొండపాలెం బాటనమ్మా. రేపు తెల్లారి."

"రేపు బడి నేను తెరుస్తాలే. నువ్వు నిదానంగా రా," అంది సుబ్బరత్నమ్మ.

*

పనికిరాని పలకరాళ్ళు గుట్టలు గుట్టలుగా పోసిన చోట బాట సన్నగా ఉంటుంది. పాపయ్య వెళ్ళేసరికి మంద అప్పుడే ఆ సందులోకి వచ్చింది. ముందు నాగేంద్రమ్మ నాయన పెద్దన్న భుజాన కర్ర అడ్డం పెట్టుకుని, నాలుక మడిచి వింత కూతలేస్తూ నడుస్తున్నాడు. వెనక నల్లటి వరద మాదిరి గొర్రెలు. రాతిపొడి రేగి మబ్బుగా లేచింది. ఇరవై యేళ్ళు మింగిన దుమ్మే, దగ్గు తన్నుకొచ్చింది. నోటికి తలగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు.

మంద తోకన యల్లమ్మ, చేతిలో కదురు. పక్కన నాగేంద్రమ్మ, నెత్తిన మూట. పిల్ల అతన్ని చూసి మొహం తిప్పుకుంది. యల్లమ్మే ఆగింది. అడుగు వెనక్కు వేసి, గాలి ఎటు కొడుతోందో చూసి, అతనికి వాసన తగలకుండా పక్కకు జరిగింది. పాపయ్య నోటికి అడ్డం పెట్టుకున్న తలగుడ్డ తీసేశాడు.

"యాడికి జరుగుతావమ్మా? దగ్గరికి రా," అన్నాడు. తలగుడ్డలోంచి మడత తీసి ఆమె చేతిలో పెట్టాడు. "పిల్ల కుట్టింది. చూడాలన్నావు గదా."

యల్లమ్మ కదురు మొలలో దోపుకుని, గుడ్డ విప్పి ఇటు చూసింది, అటు తిప్పి చూసింది.

"ఏముందన్నా దీంట్లో? ఉత్తగుడ్డ గదా?"

"ఏం లేదమ్మా," అంది నాగేంద్రమ్మ. "విప్పేసినాం. రా, పోదాం."

"ఎండకు ఎత్తిపట్టు చెల్లే," అన్నాడు పాపయ్య.

గుట్ట మీంచి అప్పుడే పొద్దు పైకొస్తోంది. యల్లమ్మ రెండు చేతులా గుడ్డను పట్టుకుని ఎత్తింది. కళ్ళు చికిలించింది. మెడ కొంచెం పక్కకు వంచింది. మందలో గొర్రె కుంటితే అది ఏదో చూడ్డానికి ఎట్లా వంచుతుందో అట్లా. ఎండ బెజ్జాల్లోంచి జారి ఆమె మొహం మీద చుక్కలు చుక్కలుగా పడింది.

"ఓయమ్మో," అంది. "ఇది మన బొల్లి గదంటే!"

పిల్ల మూట కింద పడేసి వచ్చింది. ఇద్దరూ ఒకే గుడ్డకు మొహాలు ఆనించి నిలబడ్డారు.

"చెవి చూడు, మీ నాయన కోసినట్టే కోసినావే! డొక్క చూడు. ముసల్ది పోయినేడు మేత లేక ఇట్లనే అయిపోయుండె గదా. అయ్యో, మూతి తెలుపు కూడా! ఎట్ల పెట్టినావే?"

"ఆడ కుట్టలేదమ్మా. కుట్టకుంటే తెలుపు."

"ఏమయ్యో! ఇట్ల రా!" అని యల్లమ్మ మొగుణ్ణి కేకేసింది. అంత దూరం నుంచి పెద్దన్నకు ఏం వినిపించిందో, కర్ర ఊపి ముందుకే పోయాడు. ఆమె మందలోకి చూసింది. ఒక ముసలి గొర్రె వెనకబడి రాళ్ళ సందున ఎండుగడ్డి కొరుకుతోంది. తెల్ల మూతి. ఒళ్ళంతా పలకరాళ్ళ పొడి పట్టి నల్లబొచ్చు కాస్తా నీలంగా కనబడుతోంది. నాగేంద్రమ్మ దాన్ని చూసి, గుడ్డను చూసి, ఫక్కున నవ్వింది. ఎందుకో అమ్మకు చెప్పలేదు.

యల్లమ్మ మొలలోంచి కదురు తీసింది. నల్ల ఉన్ని దారం మూరెడు లాగి పళ్ళతో కొరికింది. కొసను నోట తడిచేసి, వేళ్ళ మధ్య సన్నగా నులిమింది.

"దీంతో వెయ్యి. బెజ్జాలుండాయి గదా, దోవ తప్పవు. పైన కొండలో మనకేం పని, మంద మేస్తా ఉంటే కూచొని కుట్టు."

"సూదేదీ? బడి సూది బడికి ఇచ్చేసినా. మనకాడ ఉండేది గొంగళ్ళు కుట్టే దబ్బనం. దాంతో కుడితే బొల్లికి గుంటలు పడతాయి."

పాపయ్య తలగుడ్డ అంచు తడుముకున్నాడు. నిన్న వెంకటసుబ్బులమ్మ పంచెముక్కకు మడతేసి, మర్చిపోయి అతని తలగుడ్డకే గుచ్చేసిన సూది. కావాలనే గుచ్చిందో ఏమో, ఆమె సంగతి చెప్పలేం. దాన్ని లాగాడు. వంగి, ఒక పలకరాయి ముక్కను దుమ్ము ఊది తుడిచి, సూదిని దాని మీద పెట్టి, రాయిని పిల్ల ముందుకు జరిపాడు.

నాగేంద్రమ్మ రాయి వైపు చూసింది. అతని వైపు చూసింది. తీసుకోలేదు.

"ఎందుకు మామా రాయి మీద?"

"చేతికిస్తే కొట్లాట వస్తాది గదా మే."

"మన కొట్లాట నిన్ననే ఐపాయ గదా," అంది ఆ పిల్ల, అరచెయ్యి చాపి. "చేతికే ఇయ్యి."